గోదారి గట్టున నడకదారి: ముందు నీటి లెక్క, తర్వాతే టైల్స్

రాజమహేంద్రవరంలో ఎండ వాలితే జనం గట్టు వైపు మళ్లుతారు. ఒకరిది పుష్కరాల రేవు, ఒకరిది మార్కండేయస్వామి గుడి దగ్గరి మెట్లు, ఇంకొకరిది గౌతమీ ఘాట్. ఎవరి చోటు వాళ్లకు ఖాయం. కానీ ఉత్తరాన కోటిలింగాల రేవు దగ్గర బయల్దేరి, నదిని చూసుకుంటూ, బండ్లకు తప్పుకోకుండా దక్షిణాన ధవళేశ్వరం ఆనకట్ట దాకా నడిచి వెళ్లగలమా అంటే లేదు. మధ్యలో రేవు మెట్లు వస్తాయి, వాహనాల రోడ్డు వస్తుంది, ప్రహరీ గోడ అడ్డొస్తుంది, మురుగు కాలువ వస్తుంది. అంటే దారి అసలు లేదని కాదు, ముక్కలు ముక్కలుగా ఉంది.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. పుష్కరాలంటే రేవులకు, గట్టుకు డబ్బు వచ్చే ఏడు. డబ్బు వచ్చినప్పుడల్లా ముందు బయటికొచ్చేది ఒక రంగుల బొమ్మ: మెరిసే టైల్స్, వరసగా దీపాలు, ఊరి పేరుతో నిలబెట్టిన పెద్ద అక్షరాలు, పక్కన ఫొటో దిగుతున్న కుటుంబం. ఆ బొమ్మలో నీళ్లు ఎప్పుడూ నీలంగా, కదలకుండా ఉంటాయి. గోదారి అలా ఉండదని అక్కడ పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఏటి పక్కన దారి వేయడమంటే ఏం ఆలోచించాలి, ఏ వరసలో ఆలోచించాలి అన్నది ఈ ఒక్క ఊరిని ముందుపెట్టుకుని చూద్దాం. కృష్ణ ఒడ్డునా పెన్న ఒడ్డునా కొలతలు మారతాయి కానీ వరస మాత్రం ఇదే.

మొదటి ప్రశ్న: నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి? ఇందుకు కొత్త సర్వే కోసం ఎదురుచూడనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. ప్రతి వానాకాలం పేపర్లలో చదివే అంకెలే ఇవి. మొదటి హెచ్చరిక నాటికి బ్యారేజీ నుంచి సముద్రంలోకి పోయే నీరు 10 లక్షల క్యూసెక్కుల దరిదాపుల్లో ఉంటుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. సెకను గడిచేలోపు దాదాపు మూడు కోట్ల లీటర్లు దాటిపోతాయన్నమాట. అదీ మొదటి హెచ్చరిక నాటి మాట. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చింది. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ కాలాన్ని ఎనభై ఆరుకు ముందు, ఎనభై ఆరు తర్వాత అని లెక్కపెడతారు.

ఈ అంకెల నుంచి తేలేది ఒకటే. నది పక్కన వేసేది ఒక దారి కాదు, రెండు దారులు. గట్టు మీద ఒకటి: ఏడాది పొడవునా నడిచేది. నీటి అంచున రెండోది: వరద తీసిన తర్వాత, అంటే దసరా దీపావళుల నుంచి మళ్లీ ఎర్రనీరు వచ్చేదాకా మాత్రమే నడిచేది. వానాకాలంలో ఈ కింది దారి మునుగుతుంది, మునగాలి కూడా. అది మునగకూడదని పట్టుబట్టిన రోజున గోడ కట్టాల్సి వస్తుంది. గోడ కడితే నది వెడల్పు తగ్గుతుంది. ఇక్కడ ఆపిన నీరు ఎదుటి ఒడ్డున కొవ్వూరు వైపో, లంకల మీదికో ఒరుగుతుంది.

అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డున కట్టింది కూడా రెండంతస్తుల దారే. కింది దారి నీటికి దగ్గరగా, పై దారి ఊరి మట్టానికి ఉంటాయి. ఎగువన ధరోయి ఆనకట్ట నుంచి నీరు ఎక్కువ వదిలినప్పుడు కింది దారి మూసేస్తారు, ఒక్కోసారి మునుగుతుంది. ఆ రెండంతస్తుల ఆలోచన తెచ్చుకోదగ్గది. మిగతాది కాదు. అక్కడ పదకొండు కిలోమీటర్ల పొడవునా నదిని రెండు గోడల మధ్యకు తెచ్చి, వెడల్పును సుమారు 263 మీటర్లకు కుదించారు. ఇప్పుడు అక్కడ నిండుగా కనబడే నీరు నర్మద కాలువ నుంచి తెచ్చి, వాసణా బ్యారేజీతో ఆపి ఉంచినది. ఒడ్డున గుడిసెల్లో ఉన్న పది వేలకు పైగా కుటుంబాలను వేరేచోట్లకు తరలించారు. సబర్మతి గోడలు సుమారు 4.7 లక్షల క్యూసెక్కుల వరదను లెక్కలో పెట్టుకుని కట్టినవి. ఆ లెక్క మన మొదటి హెచ్చరికలో సగానికి కూడా రాదు. రెండున్నర కిలోమీటర్లు దాటిన వెడల్పున్న అఖండ గోదావరికి ఆ నమూనా తెచ్చి అతికించబోయే కన్సల్టెంటు ఎవరైనా వస్తే, ముందు ఈ రెండు వరద అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తే చాలు.

మునిగే దారి ఎలా ఉండాలి? నానితే చెడే వస్తువు ఏదీ అక్కడ ఉండకూడదు. గరుకుగా చెక్కిన రాతి పలకలు చాలు. నున్నటి టైల్స్ నాచు పడితే కాలు నిలవదు. కరెంటు పెట్టెలు, వైర్ల జంక్షన్లు కింది దారిలో అసలే వద్దు. దీపం వెలుగు పై గట్టు నుంచి కిందికి పడాలి. రెయిలింగు గురించి ఒక మాట: వరదలో వచ్చేది ఒట్టి నీరు కాదు. వేళ్లతో సహా కొట్టుకొచ్చిన మానులు, తెప్పలు తెప్పలుగా గుర్రపుడెక్క, పైనెక్కడో కూలిన పాకల కర్రలు కూడా వస్తాయి. దగ్గర దగ్గరగా ఊచలున్న అందమైన రెయిలింగు వీటన్నిటినీ వలలా పడుతుంది, ఆ బరువుకు పునాదితో సహా లేస్తుంది. వానాకాలానికి ముందు ఊడదీసి పెట్టుకునే గొట్టాల రెయిలింగు కంటికి అంత ఇంపుగా ఉండదు కానీ ఏటికి అదే సరి.

వరద తీశాక మిగిలేది వండ్రు. పొలంలో పడితే బంగారం, మెట్ల మీద పడితే ప్రమాదం. నీరు దిగుతుండగానే, తడిగా ఉన్నప్పుడే మోటారు పెట్టి కడిగేస్తే తేలిగ్గా పోతుంది. వారం ఆగి ఎండిపోతే పారలతో చెక్కాలి. అంటే ఆ పని చేసే మనుషులు, పంపులు, డీజిలు సెప్టెంబరు నాటికి సిద్ధంగా ఉండాలి. ఇది నిర్మాణం ఖాతాలో కనబడని ఖర్చు. మన రంగుల బొమ్మల్లో ఎప్పుడూ లేనిదీ ఇదే.

కింది దారిని ఎప్పుడు మూయాలన్నది ఎవరి ఇష్టానికీ వదలనక్కర్లేదు. ప్రతి దిగుడు దగ్గరా ఒక స్తంభం మీద మూడు హెచ్చరికల మట్టాలు రంగుతో గీయాలి. 1986 గీత కూడా గీయాలి. మొదటి హెచ్చరికకు ఇంకా కొన్ని అడుగులు ఉండగానే గొలుసు పడాలి. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలుంటాయి. అక్కడ నీరు పెరిగిన సంగతి ఇక్కడికి నీటికన్నా ముందే చేరుతుంది కాబట్టి వ్యవధి దొరుకుతుంది. పైగా ఆ స్తంభం చూసిన పిల్లవాడికి ఏడాదంతా వరద పాఠం ఉచితంగా అందుతుంది.

ఇక పై దారి. గట్టును చూడగానే ఖాళీ స్థలం దొరికిందనుకునేవాళ్లున్నారు. ఏటిగట్టు స్థలం కాదు, మట్టితో కట్టిన రక్షణ. ధవళేశ్వరం కింద డెల్టాలో గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల వెంట ఊళ్లకూ నీటికీ మధ్య ఉన్నది ఈ మట్టికట్టలే. గట్టుకు గండి పడటమంటే ఏమిటో 1986 చూపించింది. ఆ వరదను కొలబద్దగా పెట్టుకునే తర్వాత గట్లను ఎత్తు చేసే పనులు చేపట్టారు. నీరు నిండుగా ఉన్న రోజుల్లో కట్టలోంచి చెమ్మ ఊరుతుంది. ఎలుక కన్నమో పీత బొక్కో ఉంటే అది ధార అవుతుంది, ధార బొరియ అవుతుంది. అందుకే ఇంజినీర్లు వరద రోజుల్లో రాత్రింబవళ్లు గట్టు కాస్తారు, అనుమానం వచ్చిన చోట ఇసుక బస్తాలు వేస్తారు.

దీనివల్ల నడకదారికి మూడు షరతులు వస్తాయి. ఇసుక బస్తాల ట్రాక్టరు గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పోగలగాలి. కాబట్టి నడుమ సిమెంటు బెంచీలు, పూలకుండీల దిమ్మెలు, కదలని కొట్లు ఉండకూడదు. గట్టు వాలు కళ్లకు కనబడాలి. వాలంతా సిమెంటుతో మూసి బొమ్మలేస్తే, లోపల మట్టి జారినా పైకి తెలియదు. గడ్డి పెంచితే పగులు వెంటనే కనబడుతుంది. మూడోది చాలామందికి మింగుడుపడదు: గట్టు ఒంటి మీద పెద్ద చెట్లు వద్దు. చెట్టు చచ్చాక వేరు కుళ్లిన చోట మిగిలేది నీటికి సిద్ధంగా ఉన్న గొట్టం. గాలివానకు మాను పడితే వేళ్లతో పాటు గట్టు మట్టీ లేస్తుంది.

చెట్లు వద్దంటే నీడ ఎలా? రోహిణి కార్తెలో రాజమండ్రి ఎండ తెలిసినవాళ్లెవరూ నీడలేని దారిని దారి అనరు. ఇక్కడ దిక్కుల లెక్క కొంత చూడాలి. ఊరు గోదారికి తూర్పు ఒడ్డున ఉంది, అంటే నది పడమట. సాయంత్రపు ఎండ నీటి మీదుగా సూటిగా ముఖాన కొడుతుంది. గట్టుకు ఊరి వైపున చెట్లు నాటితే వాటి నీడ సాయంత్రం ఊరి మీద పడుతుంది తప్ప గట్టు మీద నడిచేవాడికి అందదు. అందుకని పై దారికి తోడు గట్టు కింద, ఊరి వైపు, కట్ట పాదం నుంచి కొంత ఎడం వదిలి ఒక చెట్ల వరస, ఆ వరసకు తూర్పున ఇంకో బాట ఉండాలి. మూడు గంటల ఎండలో నడవక తప్పనివాళ్లకు, ముసలివాళ్లకు ఆ బాట. సూర్యాస్తమయం చూడాలనుకునేవాళ్లు ఎండ చల్లబడ్డాక పైకెక్కుతారు. పొద్దుట పూట ఊరి మేడలే గట్టుకు నీడ ఇస్తాయి.

మొక్కలకు లోటు లేదు, కడియం నర్సరీలు కూతవేటు దూరంలో ఉన్నాయి. అదే ఒక చిక్కు కూడా. అలంకారపు మొక్కలు అంత దగ్గర్లో దొరుకుతుంటే కాంట్రాక్టరు వేపకూ కానుగకూ నేరేడుకూ ఎందుకు పోతాడు? పైన నాలుగు ఆకులు తప్ప నీడే ఇవ్వని విదేశీ తాళజాతి మొక్కలు, విమర్శల మీద విమర్శలు వచ్చినా మానని కోనోకార్పస్ ఇప్పటికే మన రోడ్ల మధ్య చాలినన్ని ఉన్నాయి. ఏ జాతి, ఎన్ని మొక్కలు, మూడేళ్లపాటు నీళ్లెవరు పోస్తారు అన్నవి టెండరులోనే ఉండాలి. రావి మాత్రం మెట్లకు దూరంగా నాటాలి. రాతి సందులో పడిన రావి గింజ ఎంత గట్టి మెట్టునైనా విడదీస్తుంది.

తర్వాతి ప్రశ్న నేల ఎవరిదని. నదీగర్భం ఎక్కడిదాకా, గట్టు ఎక్కడిదాకా, ప్రైవేటు స్థలం ఎక్కడ మొదలు? దీనికి చట్టం కొత్తగా రావాల్సిన పని లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1884లోనే నదుల పరిరక్షణ చట్టం వచ్చింది. నది హద్దులు సర్వే చేయడం, ఆ హద్దుల్లో కట్టడాలను అదుపు చేయడం దాని ఉద్దేశం. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి భవన నియమాలు, అంటే 168వ జీవో, నది హద్దు నుంచి పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు కట్టడాలు లేకుండా వదలమన్నాయి. ఆ హద్దును జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖ కలిసి తేల్చాలి. కాగితం మీద అంతా బాగానే ఉంది. నేల మీద హద్దురాయి ఉందా అన్నదే ప్రశ్న.

హద్దు ఆలస్యంగా గీస్తే ఏమవుతుందో హైదరాబాద్ మూసీ చూపించింది. 1908 సెప్టెంబరు వరద తర్వాత అక్కడ పని సరైన వరసలోనే మొదలైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ముందు ఎగువన నీటిని ఆపే ఏర్పాటు చేశారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరాభివృద్ధి సంస్థ ఒడ్డులను బాగుచేసింది, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి అటూ ఇటూ లేచాయి. తర్వాతి దశాబ్దాల్లో నదిలోకే ఇళ్లు వచ్చాయి. వాటికి కరెంటు మీటరు ఇచ్చిందీ, ఇంటిపన్ను వసూలు చేసిందీ ప్రభుత్వ విభాగాలే. 2024 సెప్టెంబరులో అధికారులు నదీగర్భంలో ఉన్న ఇళ్లకు ఎర్ర రంగుతో గుర్తులు వేసినప్పుడు జనం రోడ్డెక్కారు. వాళ్ల కోపం అర్థం కానిదేమీ కాదు. మరుసటి ఏడాది అదే నెలలో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు వచ్చింది, ఇళ్లు మునిగాయి. నది తన హద్దును మర్చిపోలేదు. నడకదారి పేరుతో మనుషుల్ని లేపేయడం అన్యాయం, నీటి దారిలో మనుషుల్ని ఉంచడమూ అన్యాయమే. రెండూ తప్పాలంటే ముందు హద్దు, తర్వాత అక్కడివాళ్లకు వేరే ఇల్లు, ఆ తర్వాతే ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్). రాజమహేంద్రవరంలో గట్టు వారన, రేవుల పక్కన ఉన్న కుటుంబాలకు ఈ వరస తిరగబడకూడదు.

మనుషుల మాట వచ్చింది కాబట్టి: గోదారి ఒడ్డు ఖాళీగా లేదు. తెల్లవారుజామున స్నానాలు, తర్పణాలు, పిండప్రదానాలు, ఇసుక పడవలు, జాలరుల వలలు, బట్టలుతికేవాళ్ల బండలు, కోటిలింగాల రేవు దగ్గర కైలాసభూమి శ్మశానం. ఎర్రనీటితో పులస ఎదురెక్కే రోజుల్లో ధవళేశ్వరం దగ్గర వేట, బేరం వేరే సందడి. వీళ్లలో ఏ ఒక్కరికీ నడకదారి కొత్తగా నదిని పరిచయం చేయదు. వీళ్లు ముందునుంచీ ఉన్నవాళ్లు. దారే వీళ్లకు తప్పుకుని పోవాలి.

అంటే, రేవు దగ్గరికి వచ్చేసరికి బాట నీటికీ మెట్లకూ మధ్య నుంచి కాకుండా మెట్ల వెనక నుంచి, పై మట్టం మీదుగా వెళ్లాలి. స్నానం చేసే ఆడవాళ్ల పక్కనుంచే జాగింగు చేసేవాళ్లు పరుగెత్తే ఏర్పాటు ఎవరికీ బాగుండదు. బట్టలు మార్చుకునే గదులు, నడిచేవాళ్ల చూపు పడని మలుపు ప్లానులోనే ఉండాలి. శ్మశానం దగ్గర బాట ఊరి వైపు తిరగాలి. ఏడుస్తున్నవాళ్ల ముందు నుంచి సైకిళ్లు పోకూడదు. పడవలు ఒడ్డుకు చేరే చోట రెయిలింగు ఉండకూడదు, ఆరబెట్టిన వలలు తొక్కకుండా స్థలం వదలాలి. ఇవన్నీ ఆఫీసులో కూర్చుంటే తట్టేవి కావు. పడవ సొసైటీవాళ్లతో, పురోహితులతో, రేవు ఊడ్చేవాళ్లతో తలా ఓ పూట తిరిగితే తెలుస్తాయి.

పుష్కరాల దగ్గర ఒక చేదు పాఠం కూడా ఉంది. 2015 జూలై 14న, పుష్కరాల తొలిరోజు, రాజమహేంద్రవరం పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగింది. కనీసం 27 మంది చనిపోయారు. ఒకేచోట లోపలికి రావడం, బయటికి పోవడం కలిస్తే జనం ఎలా బిగుసుకుపోతారో ఆ రోజు చూపింది. రేవుల్ని కలిపే నడకదారి సరిగ్గా వేస్తే, పుష్కరాల్లో అదే జనాన్ని ఒక రేవు నుంచి పక్క రేవుకు మళ్లించే దారవుతుంది. ఇరుకుగా, రెయిలింగులతో బిగించి వేస్తే ఇంకో ప్రమాదస్థలమవుతుంది. కాబట్టి వెడల్పును మామూలు ఆదివారం సాయంత్రం చూసి కాదు, కార్తీక పౌర్ణమి చూసి తేల్చాలి.

మామూలు రోజుల లెక్క తేలికే. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కాలిబాటలో అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. అది చక్రాల కుర్చీలు రెండు ఎదురుపడితే తప్పుకునేంత. సైకిళ్లు కూడా కలిస్తే ఆ వెడల్పు రెట్టింపైనా చాలదు. చోటు లేని దగ్గర సైకిలును కింది వీధిలోకి పంపడమే నయం. మెట్లున్న ప్రతిచోటా ర్యాంపు ఉండాలి. అది ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున సాగాలి. పది అడుగుల గట్టుకు నూట ఇరవై అడుగుల ర్యాంపు, మధ్యమధ్య ఆగే చదును అదనం. ఇంత చోటు ముందే వదలకపోతే, చివరికి ఫొటో కోసం కట్టిన నిటారు జారుడుబల్ల మిగులుతుంది. మన ఆఫీసుల మెట్ల పక్కన అలాంటివి ఎన్ని లేవు?

ఇప్పుడు ఎవరూ బొమ్మలో వేయని విషయం: మురుగు. ఊరి మురుగు నల్లా ఛానెల్, ఆవ ఛానెల్ లాంటి కాలువల్లో గోదారి వైపు నడుస్తుంది. హుకుంపేట దగ్గర శుద్ధి కేంద్రం ఉంది కానీ ఊరు పెరిగినంతగా శుద్ధి పెరగలేదు. దారి ఈ కాలువల నోళ్లను దాటి పోవాల్సిందే. వంతెన వేసి దాటించడం ఒకరోజు పని, ఆ వాసనను దాటించడం కాదు. ముక్కు మూసుకుని నడిచే చోటికి ఎవరూ రెండోసారి రారు. నడకదారి డబ్బులో మొదటి వాటా కాలువ నోటి దగ్గర మురుగును పట్టి శుద్ధికి మళ్లించే గొట్టాలకు పోవాలి. సబర్మతిలో కూడా ఒడ్డు కట్టే పనితోపాటే నదిలో పడే మురుగును పట్టే గొట్టాలు వేశారు.

కాలువల నోళ్లకు ఇంకో సంగతి ముడిపడి ఉంది. నది నిండితే గట్టులోని తూముల తలుపులు దించుతారు, లేకపోతే నదే కాలువలోంచి ఊళ్లోకి ఎదురెక్కుతుంది. తలుపు దించినప్పుడు ఊళ్లో వాన పడితే ఆ నీరు ఎక్కడికి పోవాలి? మోటార్లతో తోడి పోయాలి. విజయవాడ 2024 సెప్టెంబరు మొదటి వారం దీనికి సాక్ష్యం. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 1957లో బ్యారేజీ కట్టినప్పటి నుంచి ఎన్నడూ రానంత వరద. కృష్ణలంక వైపు కట్టిన రక్షణగోడ నిలబడింది, కరకట్ట జనం ఊపిరి పీల్చుకున్నారు. ఊరు మునిగింది మాత్రం వెనక నుంచి, బుడమేరు వాగు పొంగి. సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. కృష్ణ వైపున్న గోడ వెంబడి అంతకు కొన్ని నెలల ముందే పార్కు కూడా తెరిచారు. గోడది తప్పని కాదు, అది తన పని తాను చేసింది. నదికి ఎదురుగా ఎంత ఘనంగా కట్టినా, వెనక వాగుల సంగతి చూడకపోతే సగం పనే అవుతుందని అర్థం. రాజమహేంద్రవరంలో తూముల దగ్గర పంపు లారీ నిలిచే చోటును నడకదారి ఆక్రమించకూడదు.

ఇంత చెప్పాక, ఈ ఊరికి ఉన్న ఒక అదృష్టం గురించీ చెప్పాలి. హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై 1900లో రైళ్లు నడిచిన వంతెన, 56 ఖానాలు, రెండు కిలోమీటర్ల ముప్పావు పొడవు. మద్రాసు గవర్నరు పేరు పెట్టుకుని, దాదాపు శతాబ్దం మద్రాసు కలకత్తా దారిని మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పర్యాటక పథకంలో, మొత్తం 94.44 కోట్ల రూపాయల పనుల్లో, ఈ వంతెనను జనం నడిచే చోటుగా మలచడం ఒకటి. నా లెక్కలో ఒడ్డున పోసే ఎంత సిమెంటుకన్నా ఇదే మేలైన పని. కొత్తగా నది వెడల్పులో ఒక్క అడుగు ఆక్రమించదు. వరద మట్టానికి పైన ఉంది. నదిని ఒడ్డు నుంచి కాక నడిమధ్య నుంచి చూపిస్తుంది. అయితే దాని రెండు కొసలూ గట్టు మీది దారిలో కలవాలి. కారులో వచ్చి, టికెట్టు కొని, వంతెన చూసి, మళ్లీ కారెక్కే చోటుగా మారితే అది ఊరిది కాకుండా పోతుంది. పొద్దుట నడిచేవాళ్లకు, కొవ్వూరు వైపు సైకిలు మీద పోయే కుర్రాడికి టికెట్టు ఉండకూడదు.

దారి వేశాక దాన్ని బతికించేది ఎవరు? గట్టు జలవనరుల శాఖది, రోడ్డు నగరపాలక సంస్థది, రేవుల పక్క గుళ్లు దేవాదాయ శాఖవి, పాత వంతెన కథ రైల్వేతో మొదలవుతుంది, పైన పట్టణాభివృద్ధి సంస్థ రుడా, పర్యాటక శాఖ. అందరిదీ అయిన దారిలో కాలిపోయిన బల్బు ఎవరిదీ కాదు. కాబట్టి టెండరుకు ముందే ఒక కాగితం కావాలి: ఊడ్చేది ఎవరు, దీపం ఎవరిది, మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గర, వరద తర్వాత వండ్రు కడిగేది ఎవరు, ఏ పద్దు నుంచి. మరుగుదొడ్డి ప్రస్తావన అనవసరం అనుకునేవాళ్లు ఒక్కసారి ఇంట్లో ఆడవాళ్లను అడిగితే, సాయంత్రం నడక ఎక్కడ ఆగిపోతుందో చెబుతారు.

కాపలా గురించి కూడా పెద్ద ఖర్చు అవసరం లేదు. ముంతకింద పప్పు బండి, మొక్కజొన్న పొత్తులు కాల్చే అమ్మ, రోజ్‌మిల్క్ అమ్మే కుర్రాడు రాత్రి తొమ్మిది దాకా ఉన్న చోట ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది. వాళ్లను 'సుందరీకరణ' పేరుతో తోసేసి, ఖాళీ అయిన చీకటి మూలకు కెమెరా బిగించడం మనకు బాగా అలవాటైన పద్ధతి. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో వచ్చిన చట్టం ఉంది. దాని ప్రకారం వాళ్లకు చోటు గుర్తించి, చెత్తడబ్బా ఇచ్చి, గట్టు పైన కాకుండా దిగుడుల దగ్గర నిలబెడితే సరి.

పుష్కరాల గడువు దగ్గరపడే కొద్దీ పనులు రాత్రింబవళ్లు సాగుతాయి, అప్పుడు ప్రశ్నలు అడిగితే అభివృద్ధికి అడ్డమంటారు. అందుకే ఇప్పుడే అడగాలి. నగరపాలక కమిషనరునో కలెక్టరేటు గ్రీవెన్సులోనో, వినకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తుతోనో అడగండి: కింది దారి మట్టం ధవళేశ్వరం లెక్కలో ఎన్ని అడుగులు? 1986 మట్టం నక్షా మీద గీశారా? గట్టు మీద ట్రాక్టరు పోయే వెడల్పు మిగిలిందా? మురుగు ఎక్కడ పట్టుకుంటున్నారు? అయిదేళ్ల నిర్వహణకు డబ్బు ఎక్కడిది? ఈ అయిదింటికీ రాతపూర్వకంగా జవాబు రానిదే శంకుస్థాపనకు చప్పట్లు కొట్టకండి.